ఎర తోక వంకర ఎలా పోయిందంటే

కొరమీను కోసం ఇంట్లో పోసుకున్న మెత్తని ప్లాస్టిక్ ఎరలు అచ్చులోంచి తీసినప్పుడు చక్కగా ఉండేవి. తెల్లారేసరికి తోక వంకర. కాలువలో లాగితే ఈదడం మాని గిరగిరా తిరిగేవి. ఫ్రిజ్, ఫ్యాను, తక్కువ వేడి అన్నీ చూశాను, లాభం లేదు.

చివరికి ఇలా కుదిరింది. సుమారు 175 డిగ్రీల వేడి ప్లాస్టిసాల్ (ఎరలు పోసే ద్రవ ప్లాస్టిక్) పోశాక అచ్చును 10 నిమిషాలు కదపలేదు. తర్వాత తోక పట్టి లాగకుండా, తల వైపు నుంచి ఎత్తి, వెంటనే వెడల్పాటి బేసిన్‌లో చల్లని నీళ్లలో తిన్నగా వదిలాను. కోనసీమ ఎండలకు కుళాయి నీళ్లే వెచ్చగా ఉంటాయి కనుక ఐసు ముక్కలు వేశాను. అరగంటకు తుడిచి, పళ్లెంలో విడివిడిగా రాత్రంతా ఉంచాను.

అచ్చు మాత్రం పొడిగా ఉండాలి. వేడి ప్లాస్టిసాల్‌లో నీటిచుక్క పడితే చిమ్ముతుంది. నా మణికట్టే సాక్షి.

నాది అల్యూమినియం అచ్చు, నాలుగంగుళాల ఎర. లావుపాటి వాటికి ఈ సమయం చాలుతుందని చెప్పలేను.