పెరటి పండ్ల చెట్లకు కయోలిన్ మట్టి కొట్టే ముందు జాగ్రత్తలు

సంక్రాంతి దాటేసరికి మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పెరటి మామిడి పూత మీద ఉంటుంది, నిమ్మ కొత్త చిగురు వేస్తుంది. అక్కణ్ణుంచి రోహిణి కార్తె వెళ్ళేదాకా చెట్టుకు ఒకవైపు పురుగు, ఇంకోవైపు ఎండ. పిల్లలు ఆడుకునే దొడ్లో, బట్టలు ఆరేసే చోట ఘాటు మందులు కొట్టడానికి మనసొప్పక కొంతమంది కయోలిన్ అనే మెత్తటి తెల్ల బంకమట్టి వైపు చూస్తున్నారు. మంచి ఆలోచనే. కాకపోతే దాన్ని మామూలు పురుగుమందులా వాడితే డబ్బూ పోతుంది, చెట్టుకూ మేలు జరగదు.

కయోలిన్ పురుగును చంపదు. ఆకు మీద, కాయ మీద సన్నటి తెల్ల పొర కడుతుంది. వాలిన పురుగుకు కాళ్ళకూ నోటికీ ఆ పొడి అంటుకుంటుంది, పట్టు దొరకదు, ఆకు దాని కంటికి ఆకులా ఆనదు. రసం పీల్చాలన్నా, గుడ్డు పెట్టాలన్నా ఇబ్బంది పడి వేరే చోటికి పోతుంది. అంటే పురుగు రాకముందే పొర పడాలి, పడిన పొర ఖాళీల్లేకుండా ఉండాలి. ఈ రెండూ కుదరని చోట ఈ మట్టి జోలికి పోకపోవడమే మేలు.

ఈ పద్ధతి 1990లలో అమెరికాలో వచ్చింది. అక్కడి వ్యవసాయ శాఖ శాస్త్రవేత్తలు వెస్ట్ వర్జీనియాలోని కియర్నీస్‌విల్ పరిశోధన కేంద్రంలో ఆపిల్, పియర్ చెట్ల మీద దీన్ని రూపొందించారు. తర్వాత ఫ్లోరిడాలో నారింజ జాతి చెట్ల మీద వాడితే సిట్రస్ సిల్లా అనే, చిగురు రసం పీల్చే చిన్న పురుగు తగ్గిందని తేలింది. మన నిమ్మ, బత్తాయి చెట్లను పీడించేదీ ఆ సిల్లాయే. ఇక్కడ మాత్రం దానిమ్మ, నిమ్మ కాయలకు ఎండదెబ్బ తగలకుండా ఐదు శాతం ద్రావణంగా కొట్టడమే రైతులకు ఎక్కువ అలవాటు. పొర ఎండను కొంత వెనక్కి తిప్పికొడుతుంది కాబట్టి ఆకూ కాయా అంతగా వేడెక్కవు. మే నెలలో పడమటి గాలి కొట్టే కనిగిరి, పొదిలి, ఉదయగిరి వైపు వాళ్ళకు పురుగు సంగతి కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

పొడి కొనేటప్పుడు

"తెల్ల పొడే కదా, ఏదైతే ఏంది" అనుకోవద్దు. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది. సున్నం ఘాటు క్షారం, లేత చిగురు మాడిపోతుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ స్ప్రేయర్ ట్యాంకులోనే గడ్డకడుతుంది. ముగ్గుపిండి ఏ రాయి నుంచి వచ్చిందో అమ్మేవాళ్ళకే తెలియదు. అందులో పలుగురాయి పొడి ఉంటే దాన్ని పిచికారీ చేయడమంటే ఊపిరితిత్తుల్లోకి రాతిదుమ్ము పంపించుకోవడమే. గూడూరు, సైదాపురం గనుల వైపు వాళ్ళకు ఆ దుమ్ము ఎలాంటిదో వేరే చెప్పక్కర్లేదు. కుండలకూ పింగాణీకీ వాడే మట్టి కూడా వద్దు. అది ముతకగా ఉంటుంది, అందులో ఇసుక, ఇనుము కలిసి ఉండొచ్చు. ఆకు మీద సమంగా పరుచుకోదు, నాజిల్‌లో ఇరుక్కుంటుంది.

వ్యవసాయ వాడకానికని లేబుల్ మీద రాసి ఉన్న, నీళ్ళలో కలిసే కయోలిన్ పొడే తీసుకోండి. చిటికెడు పొడి తీసుకుని తడి వేళ్ళ మధ్య రుద్ది చూడండి. మెత్తగా జారాలి. ఇసుక తగిలినట్టు గరగరలాడితే తిరిగి ఇచ్చేయండి.

దుమ్ము గురించి గట్టిగా చెప్పాలి

కయోలిన్‌ను ఒకప్పుడు విరేచనాల మందులో వాడారు, ముఖానికి పూసుకునే క్రీముల్లో ఇప్పటికీ వాడతారు. అందుకే "ఇది విషం కాదు" అని ధైర్యంగా బస్తా విప్పి చేత్తో గుమ్మరిస్తారు. ఒంటికి తగిలితే ఏం కాదు, నిజమే. ఊపిరితో లోపలికి పోవడం మాత్రం మంచిది కాదు. కంటికి కనపడనంత సన్నటి పొడి అది. మాటిమాటికీ పీలిస్తే ఊపిరితిత్తులకు చేటు.

కాబట్టి పొడిని తడిపేదాకా ఎన్95 మాస్కు తీయొద్దు. జేబురుమాలు కట్టుకుంటే చాలదు. కళ్ళద్దాలు పెట్టుకోండి. సంచిని ఫ్యాను గాలికీ, బయటి గాలికీ దూరంగా, బకెట్ నీళ్ళకు ఆనించినంత దగ్గరగా వంచి నెమ్మదిగా వదలండి. ఆయాసం, ఉబ్బసం ఉన్నవాళ్ళూ చిన్నపిల్లలూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పిచికారీ అయ్యాక నేల మీద ఎండిపోయిన తెల్లపొడిని చీపురుతో ఊడవొద్దు. కళ్ళాపి చల్లినట్టు ముందు నీళ్ళు చల్లి, ఆ తర్వాతే శుభ్రం చేయండి.

కలపడం

లీటరు నీళ్ళకు 50 గ్రాములు. పదహారు లీటర్ల ట్యాంకుకు 800 గ్రాములు. ముందు చిన్న బకెట్లో సగం నీళ్ళు పోసి, పొడిని కొంచెం కొంచెంగా వేస్తూ కలిపి, కాసేపు నాననివ్వండి. తర్వాత పలచటి పాత పంచెగుడ్డలో వడగట్టి మజ్జిగలా పలచగా ఉన్నదే ట్యాంకులో పోయండి. మట్టి నిమిషాల్లో అడుక్కు దిగిపోతుంది. పిచికారీ చేస్తున్నంతసేపూ ట్యాంకును మధ్యమధ్యలో కదుపుతూనే ఉండాలి. లేకపోతే మొదట కొట్టిన కొమ్మకు వట్టి నీళ్ళు, చివరి కొమ్మకు ముద్ద పడతాయి.

నీళ్ళ సంగతి మన దగ్గర ముఖ్యం. సముద్రం ఒడ్డు ఊళ్ళలో చాలా బోర్లు ఉప్పగా ఉంటాయి, ప్రకాశం పడమర వైపు కఠిన జలం. ఆ నీళ్ళలో మట్టి రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి. పైగా ఎండాకాలం ఉప్పునీళ్ళు ఆకు మీద పడితే అంచులు మాడతాయి. తాగే నీళ్ళో, పట్టి ఉంచిన వాననీళ్ళో వాడండి. ఒక్క చెట్టుకు రెండు మూడు బకెట్లే కదా, ఆ మాత్రం చేయొచ్చు.

జిగురు ముందే కలిపి వచ్చే పొడులు కొన్ని ఉంటాయి. వాటికి ఇంకేమీ అక్కర్లేదు. వట్టి కయోలిన్ అయితే షాపులో స్టిక్కర్ అని అమ్మే జిగురు మందు లీటరుకు అర మిల్లీలీటరు చాలు. బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగుళ్ళ మందు), గంధకం, వేపనూనె అన్నీ ఒకే ట్యాంకులో కలిపి కొట్టే పని పెట్టుకోకండి. అన్నిటికంటే ముందు, ఆ స్ప్రేయర్‌తో గతంలో కలుపుమందు కొట్టారేమో కనుక్కోండి. అద్దెకో చేబదులుకో తెచ్చిందైతే మరీ అడగాలి. కలుపుమందు ఆనవాలు కొంచెం మిగిలినా పెరటి చెట్టు ఆకు ముడుచుకుపోతుంది. అనుమానముంటే ఆ ట్యాంకు ముట్టుకోవద్దు.

కొట్టే వేళ, కొట్టే తీరు

పొద్దున్నే మంచు ఆరాక, ఎండ ముదరకముందు కొట్టండి. తడి పొర ఆరడానికి రెండు మూడు గంటలైనా పట్టొచ్చు. మధ్యాహ్నం తర్వాత ఒంగోలు, నెల్లూరు, కావలి లాంటి చోట్ల సముద్రం గాలి తిరుగుతుంది. ఆ గాలికి మట్టినీళ్ళు పక్కింటి బట్టల మీదా కారు మీదా, మిద్దె మీది సోలార్ పలకల మీదా పడతాయి. ముందు రోజే పక్కింటివాళ్ళకు "అక్కా, రేపు పొద్దున చెట్టుకు మట్టి కొడతాం, బట్టలు లోపల పెట్టుకోండి" అని ఒక్క మాట చెబితే గొడవ రాదు. నీళ్ళ తొట్టి, బావి మూతలు వేయండి. చెట్టు కింద తోటకూర, పుదీనా ఉంటే పట్టా కప్పండి.

ఒకేసారి చిక్కగా కొట్టేకంటే పలచగా రెండు పొరలు వేయాలి. మొదటిది ఆరాక రెండోది. ఆకు కింది వైపు తప్పనిసరి, రసం పీల్చే పురుగులు ఎక్కువగా చేరేది అక్కడే. ఆరిన ఆకు మీద బొటనవేలితో రుద్దితే వేలికి తెలుపు అంటాలి, వేలు తీసిన చోట పచ్చగా కనపడాలి. చుక్కలు చుక్కలుగా ఆరి మధ్యలో పచ్చ మిగిలితే పురుగు ఆ పచ్చలోనే వాలుతుంది. మళ్ళీ కొట్టాలి.

నిచ్చెన ఎక్కేవాళ్ళు పైన కరెంటు తీగ చూసుకోకుండా పొడవాటి ఇనుప గొట్టం పైకెత్తొద్దు. తడి మట్టి పడిన మిద్దె, మెట్లు బాగా జారతాయి.

చెట్టును బట్టి

నిమ్మకు ఇది బాగా సరిపోతుంది, ఎందుకంటే చెట్టు చేతికి అందుతుంది. లేత చిగురు మీద పొర లేకపోతే పాత ఆకు మీది పొర ఎందుకూ పనికిరాదు. చిగురు వచ్చే కాలంలో వారం పది రోజులకోసారి కొత్త ఆకును కప్పుకుంటూ పోవాలి. గజ్జి తెగులును ఈ మట్టి ఆపలేదు. దానికి బోర్డో మిశ్రమమే దారి.

మామిడి పూత విచ్చుకున్నాక మట్టి కొట్టొద్దు. మామిడి పూతకు పరాగసంపర్కం చేసేది ఎక్కువగా ఈగలు, వాటితోపాటు తేనెటీగలు. పూత మీద పొడి పడితే వాటి పని చెడుతుంది. మొగ్గ దశలో కొట్టి, పూత కాలమంతా ఆపి, పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్ళీ మొదలుపెట్టండి. అప్పటికే తేనెమంచు పురుగు గుత్తుల్లో చేరి ఆకుల మీద జిగట కారుస్తుంటే మట్టి కొట్టి లాభం లేదు. ఉలవపాడు వైపు పెరళ్ళలో ఉండే ముప్పై అడుగుల పాత చెట్లకూ ఇది వద్దని నా గట్టి మాట. సగం చెట్టుకు కొడితే పురుగు మిగతా సగంలో ఉంటుంది. అలాంటి చెట్టుకు అందినన్ని కాయలకు కాగితం సంచులు కట్టడం, పండు ఈగకు మిథైల్ యూజినాల్ (మగ ఈగలను వాసనతో లాగే మందు) ఎర బుట్టలు వేలాడదీయడం, రాలిన కాయలు ఏరి లోతుగా పూడ్చడం మేలు.

జామకు వానాకాలం కాపులో పండు ఈగ ఎక్కువ. కాయ నిమ్మకాయంత ఉన్నప్పటినుంచే పొర ఉండాలి. జామ ఆకుల కింద తెల్లటి సుడులు కనిపిస్తే అది సర్పిలాకార తెల్లదోమ. 2016లో మన దేశానికి వచ్చి కొబ్బరిని పట్టిన తెల్లదోమా ఇలాంటిదే. దాని పిల్లల్లో గుడ్లు పెట్టి చంపే ఎన్‌కార్సియా అనే చిన్న కందిరీగలు మనకు మిత్రులు. తెల్ల పొర వాటికీ అడ్డమే. చీడపురుగులను తినే అక్షింతల పురుగులకూ అంతే. మట్టి ఎక్కువ రోజులు ఉన్న చెట్ల మీద పొలుసు పురుగు, నల్లి పెరిగిన సందర్భాలు ఉన్నాయి. వారానికోసారి కొమ్మ వంచి ఆకు అడుగు చూడండి. అవి కనిపిస్తే మట్టి ఆపి, పైపుతో గట్టిగా నీళ్ళు కొట్టి కడిగేయండి.

వాన పడితే పొర పోతుంది. మన జిల్లాల్లో, ముఖ్యంగా నెల్లూరులో, వాన ఎక్కువగా పడేది అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. తుపాన్లూ అప్పుడే. ఆ మూడు నెలలూ మట్టి మీద డబ్బు పెట్టకండి. వేసవిలో అకాల వర్షం పడితే మాత్రం ఆరిన మర్నాడే మళ్ళీ కొట్టాలి.

కోతకు నాలుగు వారాల ముందు ఆపేయండి. పొర ఉంటే కాయ రంగు తెలియక పచ్చివి కోసేస్తారు. మామిడి, నిమ్మ తడిగుడ్డతో తుడిస్తే చాలు. తొక్కతో తినే జామకు అడుగున ముచ్చిక దగ్గర మట్టి నిలుస్తుంది, మెత్తటి బ్రష్‌తో అక్కడ రుద్ది కడగాలి. సపోటా గరుకు తొక్క మీద పడితే వదిలించడం కష్టం, కాయ కాస్త ఊరాక దానికి కొట్టకపోవడమే మంచిది. పని అయిన రోజే స్ప్రేయర్‌లో మంచినీళ్ళు పోసి నాజిల్ గుండా వదలండి. ఎండిన మట్టి వాషర్లను అరగదీస్తుంది. మిగిలిన మట్టినీళ్ళు మోరీలో పోయకండి, అడుగున పేరుకుని పూడుకుపోతుంది. పెరట్లో ఓ మూల మట్టిలో పోసేయండి.