వీధి బోర్డులతో జర్మన్ పాఠం ఎలా చెప్పాలి?

ఎంఎస్ కోసం జర్మనీ వెళ్లే మన పిల్లలు ఏ2 పరీక్ష (జర్మన్ భాషలో రెండో మెట్టు) పాసయ్యే విమానం ఎక్కుతారు. వ్యాకరణానికి లోటుండదు. ఆదివారం పూట బట్టలు ఉతికినా పక్కవాళ్లు ఎందుకు ఇబ్బంది పడతారో మాత్రం తెలీదు. అలాంటి సంగతులు నేర్పడానికి అక్కడి వీధి బోర్డులు బాగా పనికొస్తాయి.

ముందు బోర్డులు ఏరుకోండి. 'పొగ తాగరాదు' లాంటివి వద్దు, అవి ఎక్కడైనా ఒకటే. గంట క్లాసుకు రెండు చాలు. చుట్టూ ఉన్న గోడ, రోడ్డు కూడా కనిపించే ఫొటోలు తీసుకోండి.

డిక్షనరీ తెరవకముందే మూడు ప్రశ్నలు వేయండి. దీన్ని ఎవరు పెట్టారు? ఎవరి కోసం? పాటించకపోతే ఎవరికి కష్టం?

గాజు సీసాలు వేసే పెద్ద డబ్బాలతో మొదలుపెట్టొచ్చు. తెల్లవి, గోధుమరంగువి, ఆకుపచ్చవి విడివిడిగా వేయాలి. డబ్బా మీద వేళలు కూడా ఉంటాయి: పనిదినాల్లో ఉదయం 7 నుంచి రాత్రి 8 దాకా, అలా. శనివారం పనిదినమే, ఆదివారం కాదు. చెత్తకు కూడా టైమింగ్సా అని పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. సీసా పగిలిన చప్పుడు పై అంతస్తులో ఎవరికి వినిపిస్తుందో అప్పుడు అడగండి. ఆదివారం విశ్రాంతికి 1919 నాటి జర్మన్ రాజ్యాంగంలోనే (వైమార్ రాజ్యాంగం అంటారు), 139వ అధికరణంలో, రక్షణ ఉంది. 1949 రాజ్యాంగం దాన్ని అలాగే ఉంచింది. ఆ రోజు షాపులు ఎందుకు మూసి ఉంటాయో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు.

రెండోదిగా నేనైతే చెత్తడబ్బాల మీది 'ప్ఫాండ్ గెహ్యోర్ట్ డానేబెన్' స్టిక్కర్ తీసుకుంటాను. కొనేటప్పుడు డిపాజిట్ కట్టిన సీసాల్ని డబ్బాలో పడేయకుండా పక్కన పెట్టమని దాని మాట. వాడి పారేసే ప్లాస్టిక్ సీసానో క్యానో తిరిగిస్తే 25 సెంట్లు వస్తాయి. వాటిని ఏరుకుని బతుకు నెట్టుకొచ్చేవాళ్లలో పింఛను చాలని ముసలివాళ్లూ ఉన్నారు. వాళ్లు చెత్తలో చెయ్యి పెట్టి వెతుక్కోకుండా ఈ ఏర్పాటు. ఇది మంచితనమా, లేక పింఛన్ల సమస్యను పక్కకు నెట్టడమా? క్లాసును రెండు జట్లు చేసి వాదించమనండి. 'నా ఉద్దేశంలో', 'ఎందుకంటే' అనడం వస్తే చాలు, ఏ2 జర్మన్‌తోనే లాగించేస్తారు.

అక్కడితో ఆపితే 'వాళ్లకు క్రమశిక్షణ ఉంది, మనకు లేదు' అనుకుంటూ లేస్తారు. అందుకే మన వీధులనూ చూపించండి. ఆర్టీసీ బస్సుల్లో 'స్త్రీలకు మాత్రమే' అని ఎందుకు రాస్తారో జర్మన్‌లో చెప్పమనండి. హైదరాబాద్ గోడల మీద దేవుళ్ల టైల్స్ ఎందుకు అతికిస్తారో చెప్పడానికైతే చెమటలు పడతాయి. వినాయకుడు, యేసు, మక్కా వరసగా ఒకే గోడ మీద ఎందుకున్నారన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది, జవాబు వాళ్లనే వెతుక్కోనివ్వండి.

చివర్లో చిన్న రోల్‌ప్లే. ఒకరు ఆదివారం సీసాలు వేస్తుంటారు, ఇంకొకరు కిటికీలోంచి ఆపాలి. బోర్డు మీది వాక్యాన్ని ఉన్నదున్నట్టు అంటే గొడవే. 'మీరు', 'దయచేసి' చేర్చి మళ్లీ చెప్పించండి.

జర్మనీ చేరిన పాత విద్యార్థులను కొత్త బోర్డుల ఫొటోలు పంపమని అడగండి. సీసాలు ఏరుకునేవాళ్ల ముఖాలు అందులో పడకూడదని ముందే చెప్పండి.