నాయకుడి చేతిలో స్టీరింగ్, చెవి దగ్గర ఫోన్: విశాఖలో ఫిర్యాదు నిలబడాలంటే

బుగ్గకారు కథ 2017 మే 1తో ముగిసింది. ఆ రోజు నుంచి మంత్రి కారు మీద కూడా ఎర్రబుగ్గ లేదు. బండి నడుపుతూ ఫోన్ మాట్లాడే విషయానికొస్తే నాయకులకు ఏనాడూ మినహాయింపు లేదు, ఉన్నట్టు నడుచుకోవడమే ఉంది. కార్పొరేటరైనా, ఎమ్మెల్యే అయినా, ఎంపీ అయినా మోటారు వాహనాల చట్టం చూసేది డ్రైవరు సీట్లో ఎవరున్నారనే. చట్టసభల సభ్యుల హక్కులు సభలో ఆడే మాటకూ, సివిల్ కేసుల్లో అరెస్టుకూ సంబంధించినవి. పదవిలో ఉన్నంతకాలం క్రిమినల్ కేసు నడవకుండా రాజ్యాంగం 361వ అధికరణం కాపాడేది రాష్ట్రపతినీ గవర్నర్లనూ మాత్రమే.

ఇలాంటి ఫిర్యాదులు మూలపడితే 'పైనుంచి ఫోనొచ్చి ఉంటుంది' అనుకోవడం మనకు అలవాటు. అది నిజమయ్యే సందర్భాలు లేకపోలేదు. కానీ చాలా ఫిర్యాదులు అంతదాకా వెళ్లకముందే వీడియోలో పస లేక చస్తాయి. చెవి దగ్గర చెయ్యి కనిపిస్తుంది, ఫోన్ కనిపించదు. ఫోన్ కనిపిస్తే ముఖం కనిపించదు. అన్నీ కనిపిస్తే నంబరు ప్లేటు ఉండదు.

ముందు, నేరం ఉందో లేదో చూసుకోండి

నాయకులు ఎక్కువగా వెనక సీట్లోనో, డ్రైవరు పక్కనో కూర్చుంటారు. అక్కడ కూర్చుని గాజువాక నుంచి మధురవాడ దాకా ఫోన్ మాట్లాడినా తప్పు కాదు. పక్క సీట్లో బెల్టు పెట్టుకోకపోతే అది వేరే కేసు. నాయకుడు వెనక కూర్చుని, డ్రైవరు ఫోన్ పట్టుకుంటే నేరం డ్రైవరుది. ఫిర్యాదులో నాయకుడి పేరు రాస్తే బలం పెరగదు సరికదా, తప్పుడు ఆరోపణ కింద జమ అవుతుంది.

2019 సెప్టెంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో, నడుపుతూ చేతిలో ఫోన్ వాడటం సెక్షన్ 184 కింద ప్రమాదకర డ్రైవింగ్ అయింది. మొదటిసారికి 6 నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ దొరికితే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. చేతి ఫోన్ వరకు రాజీకి, అంటే అక్కడికక్కడ చలానాతో ముగించడానికి, సెక్షన్ 200 వీలు ఇచ్చింది. ఆ మొత్తం రాష్ట్ర ప్రభుత్వ ఉత్తర్వు ప్రకారం ఉంటుంది. చాలామంది గమనించని ముక్క కూడా అదే సెక్షన్లో ఉంది: చలానా కట్టేసినా ఆ నేరం 'మొదటిసారి'గా లెక్కలో ఉంటుంది, లైసెన్సు మీద చర్య ఆగదు.

2020 అక్టోబరు 1 నుంచి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లోని రూల్ 21లో చేరిన మాట ప్రకారం, నడుపుతున్నప్పుడు ఫోన్ వాడకం దారి చూసుకోవడానికి మాత్రమే, అదీ ఏకాగ్రత చెడకుండా. కాబట్టి స్టాండులో మ్యాప్ పెట్టుకున్న కారు మీద ఫిర్యాదు చేస్తే నిలవదు. స్పీకర్ ఆన్ చేసి అరచేతిలో పట్టుకుంటే అది చేతి ఫోనే. బ్లూటూత్ ఇయర్‌ఫోన్ మీద 'చేతిలో ఫోన్' అని రాయకండి. బైక్ ర్యాలీల్లో హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఇరికించిన ఫోన్‌ది వింత స్థితి: 'చేతిలో లేదు కదా' అని వాదిస్తారు. అలాంటప్పుడు సెక్షన్ 184 అని మాత్రం రాసి, ఒంటిచేత్తో నడపడం, మెడ వంచడం, లైను తప్పడం ఏది కనిపిస్తే అది వర్ణించండి. ర్యాలీ ముందు వరసలో సెల్ఫీ తీసుకుంటూ నడిపే నాయకుడికి ఈ చిక్కేమీ లేదు. ఫోన్ చేతిలోనే ఉంటుంది, హెల్మెట్ తలమీద ఉండదు.

షాట్ ఒకటే, ముక్కలు వద్దు

ఎడిట్ చేయని ఒకే వీడియోలో నాలుగు ఉండాలి: స్టీరింగ్ మీద చెయ్యి, చేతిలో ఫోన్, నడిపే వ్యక్తి ముఖం, నంబరు ప్లేటు. వీటితో పాటు ఏ చోటో తెలిపే బోర్డో, ఫ్లైఓవరో, సిగ్నల్ స్తంభమో. 10 నుంచి 20 సెకన్లు చాలు. ముందు పక్క అద్దం, కారు దాటిపోతుండగా వెనక ప్లేటు, చివరగా కెమెరాను జంక్షన్ వైపు తిప్పి తేదీ, సమయం, చోటు, నంబరు పైకి చదవాలి. ఆ గొంతు తర్వాత చాలా పనికొస్తుంది, ఎందుకంటే రాత్రిపూట ప్లేటు అలుక్కుపోయినా నంబరు అప్పుడే చదివినట్టు అందులో ఉంటుంది.

సిగ్నల్ దగ్గర ఆగిన కారును తీయడం తేలిక. కానీ 'ఆగి ఉన్నప్పుడే మాట్లాడాను' అనే మాటకు అది తావిస్తుంది. పచ్చలైటు పడ్డాక చక్రాలు కదలడం కూడా వీడియోలో పడితే ఆ దారి మూసుకుపోతుంది. సిరిపురం, జగదాంబ, మద్దిలపాలెం, హనుమంతవాక లాంటి జంక్షన్లలో ఫుట్‌పాత్ మీద నిలబడితే చాలు.

బీచ్ రోడ్డులో ఉదయం పూట ఒక చిక్కుంది. సముద్రం వైపు ఆకాశం వెలుగంతా కారు అద్దాల మీద పడి, వీడియోలో అద్దం వెండిరేకులా మెరుస్తుంది తప్ప లోపలి మనిషి కనిపించడు. మీ వెనక చీకటిగా ఉండేది, అంటే భవనమో చెట్టో, ఉండేలా నిలబడాలి. రుషికొండ నుంచి కోస్టల్ బ్యాటరీ వైపు వచ్చే కార్లకు డ్రైవరు కిటికీ ఊరి వైపు ఉంటుంది. ఆ కార్లను ఊరి వైపు నుంచి తీస్తే మెరుపు బాగా తగ్గుతుంది. డాష్‌క్యామ్ ఉన్నవాళ్లు పోలరైజింగ్ ఫిల్టర్ బిగిస్తే ముందు అద్దం మీది ప్రతిబింబం చాలావరకు పోతుంది.

లోపల ఏమీ కనిపించనంత నల్ల ఫిల్మ్ ఉందా? ఫోన్ సంగతి వదిలేసి ఫిల్మ్ మీద రాయండి. ముందు, వెనక అద్దాల గుండా కనీసం 70 శాతం, పక్క అద్దాల గుండా 50 శాతం వెలుతురు వెళ్లాలని రూల్ 100 చెబుతుంది. ప్లేటు మీద అంకెలు మింగేసేలా పదవి పేరు రాయించుకున్నవాళ్ల విషయమూ అంతే. ఒక్కోసారి పక్క నేరమే గట్టిగా దొరుకుతుంది.

మీరు నడుపుతూ వీడియో తీయొద్దు. తీస్తే మీరూ సెక్షన్ 184లోనే ఉంటారు, సాక్ష్యం కూడా మీరే ఇచ్చినట్టు. గంటకు 60 కి.మీ. వేగంలో సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతాం. నాలుగు సెకన్లు తెర వైపు చూస్తే 65 మీటర్లకు పైగా కళ్లు మూసుకుని నడిపినట్టే. ఆ లెక్క నాయకుడికీ మీకూ ఒకటే. వెనక కూర్చున్నవాళ్లు తీయాలి. కాన్వాయ్ వెంట పడొద్దు, గన్‌మెన్‌తో వాదన పెట్టుకోవద్దు.

విశాఖలో ఇంకో జాగ్రత్త. నాయకుల కాన్వాయ్‌లు తిరిగే విమానాశ్రయ ప్రాంతంలోనే నౌకాదళ వైమానిక స్థావరం ఐఎన్ఎస్ డేగా ఉంది. అక్కడ, సింధియా, డాక్‌యార్డ్ పరిసరాల్లో 'ఫొటోలు నిషేధం' బోర్డులున్న చోట కెమెరా తీయకండి. ఎన్ఏడీ కొత్తరోడ్డు దాటాక తీసుకోవచ్చు. లేకపోతే నాయకుడి మీద ఫిర్యాదు ఇవ్వబోయి మీరు సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వస్తుంది.

నాయకుడే పెట్టిన లైవ్

అన్నిటికన్నా తేలికైన సాక్ష్యం ఇదే. నియోజకవర్గంలో తిరుగుతూ, తానే నడుపుతూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని లైవ్ పెట్టే నేతలకు కొదవ లేదు. ముఖం, గొంతు, చోటు అన్నీ వాళ్లే ఇస్తారు. 2023 జనవరిలో అప్పటి బ్రిటన్ ప్రధాని రిషి సునాక్ కదిలే కారులో సీటు బెల్టు లేకుండా తీసుకున్న వీడియో సోషల్ మీడియాలోకి వచ్చాక, లాంకషైర్ పోలీసులు జరిమానా నోటీసు ఇచ్చారు. ఇలాంటి వీడియోలు గంటల్లో మాయమవుతాయి. కనిపించగానే లింకు, ఖాతా పేరు, పెట్టిన సమయం తెరపై పడేలా స్క్రీన్ రికార్డ్ చేయండి. బండి నంబరు కనిపించకపోవచ్చు; ఎక్కడ, ఎప్పుడు అన్నది రాస్తే కారును పట్టుకునే పని పోలీసులది.

ఫైలు పాడు చేయకండి

వాట్సాప్‌లో మామూలుగా పంపితే వీడియో నలిగిపోయి, ప్లేటు అంకెలు చెదురుతాయి, తీసిన సమయం వివరాలు కూడా పోతాయి. తప్పదనుకుంటే 'డాక్యుమెంట్'గా పంపండి. అసలు ఫైలును ఫోన్‌లో అలాగే ఉంచి, కాపీ పెన్‌డ్రైవ్‌లో ఇవ్వండి. పేరు మార్చడం, కత్తిరించడం, బాణం గుర్తులు పెట్టడం అసలు ఫైలు మీద చేయొద్దు. డాష్‌క్యామ్‌లో 32 జీబీ కార్డు ఫుల్ హెచ్‌డీలో నాలుగైదు గంటలకు నిండి పాతది చెరుగుతుంది, కాబట్టి వెంటనే లాక్ మీట నొక్కాలి. దాని గడియారం సరిగ్గా ఉందో లేదో వారానికోసారి చూసుకోండి. 2019 జనవరి అని పడ్డ వీడియో పట్టుకెళ్లి నిన్నటి సంగతి అంటే ఎవరూ నమ్మరు.

వ్యవహారం కోర్టుకెళ్తే భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద ధ్రువపత్రం కావాలి. 2024 జులై 1 నుంచి అది రెండు భాగాలు: ఒకటి మీరు, రెండోది నిపుణుడు సంతకం చేయాలి; ఫైలు హాష్ విలువ (ఫైలు మారలేదని చూపే, వేలిముద్ర లాంటి కోడ్) కూడా రాయాలి. అర్జీ ఇచ్చేనాటికి ఇవేవీ అక్కర్లేదు.

అర్జీ

పోలీసు కెమెరాలది వేరే లెక్క. రూల్ 167ఏ కింద ఆమోద పత్రం పొందిన పరికరం తీసిన దృశ్యంతో నేరుగా చలానా పంపొచ్చు, నోటీసు 15 రోజుల్లో వెళ్లాలి. మీ ఫోన్‌కు ఆ హోదా లేదు. అందుకే మీది ఫిర్యాదు, దానికి తోడు సాక్ష్యం. విచారణ జరిగాకే చలానా. అయితే మీరు చెప్పిన సమయానికి ఆ జంక్షన్ కెమెరా దృశ్యం కూడా చూడమని అడగొచ్చు. ఆ 15 రోజులు దాటకుండా ఉండాలంటే రెండు మూడు రోజుల్లో అర్జీ పడాలి. ఒక పేజీ మించొద్దు:

'తేదీ (…), సాయంత్రం 6.40కి, మద్దిలపాలెం జంక్షన్ నుంచి ఇసుకతోట వైపు వెళ్తున్న (నంబరు, రంగు, మోడల్) కారును నడుపుతున్న వ్యక్తి కుడిచేత్తో ఫోన్ చెవి దగ్గర పట్టుకుని ఉండగా ఫుట్‌పాత్ నుంచి నా ఫోన్‌తో వీడియో తీశాను. నిడివి 16 సెకన్లు. 4వ సెకను దగ్గర ఫోన్, 9వ సెకను దగ్గర నంబరు కనిపిస్తాయి. మో.వా. చట్టం సెక్షన్ 184 కింద చర్య తీసుకోవాలని, నడిపింది ఎవరో తెలుసుకోవడానికి సెక్షన్ 133 కింద యజమానికి నోటీసు ఇవ్వాలని, సెక్షన్ 206(4) ప్రకారం లైసెన్సు రవాణా శాఖకు పంపాలని, అదే సమయానికి జంక్షన్ కెమెరా దృశ్యాలు భద్రపరచాలని కోరుతున్నాను. ఫిర్యాదుదారు వివరాలు గోప్యంగా ఉంచగలరు.'

సెక్షన్ 133 ఎందుకంటే, కారు చాలాసార్లు నాయకుడి పేరు మీద ఉండదు. బావమరిదిదో, కంపెనీదో అయి ఉంటుంది. ఎవరు నడిపారో పోలీసు అడిగితే యజమాని చెప్పి తీరాలి. 'డ్రైవరు నడిపాడు' అనే జవాబు వస్తుంది, అది ఖాయం. మీ వీడియోలో ముఖం ఎందుకు ఉండాలో అప్పుడు తెలుస్తుంది. అన్నట్టు, ఏపీ 39 సిరీస్ వచ్చాక నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం. పాత ఏపీ 31 కాలం పోయింది. అంకెలన్నీ రాసుకోవాల్సిందే.

నాయకుడి పేరు రాయాలా? ముఖం స్పష్టంగా ఉండి, మీకు అనుమానం లేకపోతే రాయండి. పార్టీ పేరు మాత్రం వద్దు. అది పడిన క్షణం నుంచి మీ అర్జీ రాజకీయం అవుతుంది.

ఇవ్వడానికి మంచి రోజు సోమవారం, పోలీసు కమిషనర్ కార్యాలయంలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ అర్జీ నమోదై నంబరు వస్తుంది. వేరే రోజైతే ఇన్‌వర్డ్ సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకోండి. ముద్ర లేని కాగితం ఇవ్వనట్టే లెక్క. కారు వంకరటింకరగా పోతూ అప్పటికప్పుడు ప్రమాదం అనిపిస్తే అర్జీ తర్వాత, ముందు 112.

పోలీసు దగ్గరికి చేరకముందే సోషల్ మీడియాలో పెట్టకండి. మనిషిని పొరపాటుగా గుర్తిస్తే పరువునష్టం కేసు మీ మెడకు చుట్టుకుంటుంది.

తర్వాత ఏమైందో తెలుసుకోవడం

ఈ-చలాన్ వెబ్‌సైట్‌లో వాహనం నంబరుతో వెతికితే ఇంజన్ లేదా ఛాసిస్ నంబరు చివరి అంకెలు అడుగుతుంది, కాబట్టి ఆ దారి మీకు తెరుచుకోదు. నెల రోజులు చూసి, 10 రూపాయల రుసుముతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. 'ఫలానా వ్యక్తి చలానాలన్నీ ఇవ్వండి' అంటే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపుతారు. ఇలా అడగండి: నా అర్జీ సంఖ్య (…) మీద తీసుకున్న చర్య, సెక్షన్ 133 నోటీసు ఇచ్చిన తేదీ, లైసెన్సు రవాణా శాఖకు పంపిన తేదీ. 30 రోజుల్లో జవాబు రాకపోతే మరో 30 రోజుల్లోపు మొదటి అప్పీలు.

లైసెన్సు మీద పట్టు వదలొద్దు. నాయకుడికి చలానా డబ్బు లెక్కలోది కాదు. ఫోన్ డ్రైవింగ్‌కు కనీసం మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేయాలని సుప్రీంకోర్టు నియమించిన రహదారి భద్రతా కమిటీ 2015లోనే రాష్ట్రాలకు చెప్పింది. సస్పెండ్ చేసే ముందు వాదన వింటారు, గడువు అయ్యాక పునశ్చరణ శిక్షణ పూర్తి చేస్తేనే కార్డు తిరిగి ఇస్తారు.

కారు ప్రభుత్వానిదో, జీవీఎంసీ (నగరపాలక సంస్థ)దో అయితే మరో దరఖాస్తు ఆ కార్యాలయానికే: ఆ రోజు లాగ్‌బుక్ నకలు, విధుల్లో ఉన్న డ్రైవరు ఎవరు, చలానా మొత్తం ఏ పద్దు నుంచి కట్టారు. లాగ్‌బుక్‌లో డ్రైవరు సెలవు అని ఉండి, వీడియోలో నాయకుడు నడుపుతుంటే, 'డ్రైవరు నడిపాడు' అన్న జవాబు అక్కడితో ఆగిపోతుంది. ఏదీ కదలకపోతే మేజిస్ట్రేటు ముందు ప్రైవేటు ఫిర్యాదు వేయొచ్చు. ఏడాది దాకా శిక్ష ఉన్న నేరం కనుక ఘటన జరిగిన రోజు నుంచి ఏడాది లోపే వేయాలి.