మరుగునపడిన బ్యాండును ప్రేమిస్తూ సొంత బ్యాండులో వాయించడం ఎలా?

కోనసీమలో బ్యాండు అనగానే పెళ్ళి ఊరేగింపు ముందు నడిచే ట్రంపెట్లూ డ్రమ్ములే గుర్తుకొస్తాయి. జాతరల్లో, నవరాత్రుల్లో పాటకచేరీ చేసేవారిని ఆర్కెస్ట్రా అంటారు. ఈ రెండూ కాక, గిటారు, బేస్, డ్రమ్స్ పట్టుకొని తమ పాటలు తామే కట్టుకొనే చిన్న బృందంలో ఉంటూ, ఇక్కడ పేరు చెప్పినా ఎవరూ గుర్తుపట్టని పాత ఆల్టర్నేటివ్ రాక్ (పెద్ద వాణిజ్య ధోరణికి పక్కగా నడిచే రాక్ సంగీతం) బ్యాండు ఒకదాన్ని మనసారా ప్రేమించేవారి కోసం ఇది రాస్తున్నాను. ఆ ప్రేమ మీ వాయింపుకు బరువు కాకుండా బలం కావాలంటే ఏం చేయాలో, నాకు అనుభవంలోకి వచ్చినంత మేరకు చెబుతాను.

నేను ప్రేమించే బ్యాండు గెలాక్సీ 500. డీన్ వేర్‌హమ్ గిటారు వాయిస్తూ పాడేవాడు, నయోమీ యాంగ్ బేస్, డేమన్ క్రుకోవ్‌స్కీ డ్రమ్స్. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో 1987లో మొదలై, 1988 నుంచి 1990 దాకా ఏడాదికొకటి చొప్పున మూడు ఆల్బమ్‌లు చేసి, 1991లో విడిపోయారు. మీరు ప్రేమించే బ్యాండు వేరే కావచ్చు, దారి మాత్రం ఇదే.

ముందుగా మీరు ప్రేమించే బ్యాండు తాను ఎవరిని ప్రేమించిందో తెలుసుకోండి. వెల్వెట్ అండర్‌గ్రౌండ్ అనే పాత అమెరికన్ రాక్ బ్యాండు గిటారిస్టు స్టెర్లింగ్ మోరిసన్ ఆ బ్యాండును వదిలాక హ్యూస్టన్‌లో టగ్‌బోటు కెప్టెన్‌గా పనిచేశాడు. గెలాక్సీ 500 తొలి సింగిల్, అంటే విడిగా విడుదల చేసిన తొలి పాట, ఆయన్ని తలచుకొని కట్టిన పాటే. ఈ సంగతి తెలిసిన నాటి నుంచి, సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి నరసాపురం దాటుతున్నప్పుడు సరంగు వైపు చూస్తే చాలు, ఆ పాట నాలో మొదలవుతుంది. అంతేకాదు, వారి మూడు ఆల్బమ్‌లలోనూ తాము అభిమానించినవారి పాట ఒక్కొక్కటి ఉంది: మొదటిదానిలో జొనాథన్ రిచ్‌మన్‌ది, రెండోదానిలో జార్జ్ హారిసన్‌ది, మూడోదానిలో యోకో ఓనోది. మూడింటినీ తమ నెమ్మది నడకలోకి దించుకొని పాడారు. అభిమానించిన పాటను తమ నడకలోకి తెచ్చుకొనే ఈ పద్ధతినే మనం వారి నుంచి తీసుకోవాలి. వారి గిటారు శబ్దాన్ని అచ్చంగా దించడం కోసం, శబ్దాన్ని మార్చే పెడల్స్ మీద పోసే డబ్బు దండగ అని నా అభిప్రాయం.

తరువాత, పాటను ఒక్కో వాయిద్యంగా విడదీసి వినాలి. హెడ్‌ఫోన్స్ పెట్టుకొని వారం రోజులు బేస్ ఒక్కటే వినండి. యాంగ్ బేస్ అడుగున దరువుకు కాపలా కాయదు. పై తీగల మీదికి వెళ్ళి గాయకుడి పక్కన రెండో గొంతులా రాగం తీస్తుంది. నేను ఆ వరుసలను సా రి గ మలలో ఒక నోటుపుస్తకంలో రాసుకొని, తరువాత వాటిని నోటితో పాడుకొన్నాను. నోటికి వచ్చాకనే గిటారు పట్టాలి. వేళ్ళతో మొదలుపెడితే వేళ్ళకు అలవాటైన పట్లే వస్తాయి, పాట రాదు.

అన్నిటికన్నా కష్టం నెమ్మదిగా వాయించడం. మనవాళ్ళ చేతులు ఆర్కెస్ట్రా బీటుకు అలవాటుపడినవి. మా ప్రాక్టీసులో మొదటి రోజు, నాలుగు నిమిషాలు రెండే కార్డ్స్ మీద నడిచిన తరువాత, మా కీబోర్డు అన్నయ్య చేతులు ఎత్తి, "తమ్ముడూ, పాట ఎప్పుడు ఎత్తుకుంటుంది?" అని అడిగారు. "ఎత్తుకోదన్నయ్యా, ఇలాగే నడుస్తుంది" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "అయితే ఇది చౌకకాలం" అన్నారు, అంటే మన సంగీతంలోని నెమ్మది నడక. ఆ మాటతో మా బృందానికి దారి దొరికింది. క్షేత్రయ్య పదాలను చౌకకాలంలో విన్నవారికి, స్వరానికీ స్వరానికీ నడుమ ఉన్న ఖాళీ కూడా పాటలో భాగమేనని వేరే చెప్పనక్కరలేదు. లయకు దెబ్బలు మోగించే మెట్రోనోమ్‌ను నిమిషానికి 70 దెబ్బల దగ్గర పెట్టి వాయించండి. అది కుదిరాక 35కు తగ్గించి, రెండు దెబ్బలకు ఒక్కసారే మోగేలా చేసి, నడుమ దెబ్బను మీరే మోయండి. డ్రమ్మరు పరుగెత్తేది సరిగ్గా అక్కడే.

ఖాళీలున్న పాటలో ఆంప్లిఫయరు గుంయ్‌మనే మోత దాగదు కాబట్టి ఆ విషయం కూడా చెప్పాలి. మన కరెంటు సెకనుకు 50 ఆవర్తనాలది; ఆ మోత ఇంచుమించు జి స్వరం దగ్గర పలుకుతుంది. అమెరికాలో కరెంటు 60 ఆవర్తనాలది గనుక అక్కడ అది బి ఫ్లాటుకూ బికీ నడుమ పడుతుంది. జి స్కేలు పాటలో మన మోత శ్రుతిలో కలిసిపోయినట్టే అనిపించి, స్కేలు మార్చగానే బయటపడుతుంది. ఆంప్లిఫయర్లనూ మిక్సరునూ వేర్వేరు గదుల ప్లగ్గులకు కాక ఒకే బోర్డుకు కలిపితే చాలావరకు తగ్గుతుంది. మోత పోతుందని ప్లగ్గులో ఎర్త్‌కు ఉండే మూడో పిన్ను మాత్రం ఎన్నడూ తీయకండి. ఎర్త్ లేని గిటారు తీగలు చేతిలో ఉండగా మైకుకు పెదవి తగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ప్రాక్టీసు చేసే పాకకో గోదాముకో ఎర్తింగ్ లేకపోతే, ఎలక్ట్రీషియన్‌ను పిలిచి బొగ్గూ ఉప్పూ వేసి గొయ్యి తీయించండి. మన నేలలో తడి ఎక్కువ కాబట్టి ఎర్తింగ్ బాగా అందుతుంది. అదే తడి తీగలను తుప్పు పట్టిస్తుంది. వాయించిన ప్రతిసారీ పొడి నూలుగుడ్డతో తుడవండి.

ఇక మీ కచేరీలో మీరు ప్రేమించే బ్యాండు పాట ఒక్కటే ఉండాలి. రెండు పెడితే అనుకరణ బృందం అనిపించుకొంటారు. ఎంచుకొన్న పాటను మీ ఊరి వాతావరణంలోకి తెచ్చుకోండి. మేము ఎంచుకొన్న యోకో ఓనో పాట కురిసే మంచును గురించినది. మన దగ్గర మంచు అంటే ధనుర్మాసపు తెల్లవారుజామున వరిచేల మీద, కొబ్బరి మొవ్వుల కింద నిలిచే తెల్లని తెర. తెలుగులో రెండింటికీ ఒకే మాట ఉండటం మన అదృష్టం. మేము ఆ పాటను తెలుగు చేయలేదు. మన మంచు మీద అదే నడకలో మరో పాట కట్టుకొన్నాము.

మీ సహచరులంతా ఆ బ్యాండును ప్రేమించాలని పట్టుబట్టకండి. మా డ్రమ్మరుకు ఇళయరాజా తప్ప మరొకరు పట్టరు. అయినా ఖాళీని కాపాడటం అతనికి తెలిసినంతగా నాకు తెలియదు.

చివరిగా రికార్డింగుల సంగతి. 1991లో, గెలాక్సీ 500 రికార్డులు విడుదల చేసిన రఫ్ ట్రేడ్ కంపెనీ దివాలా తీసినప్పుడు, వారి మాస్టర్ టేపులు, అంటే అసలు రికార్డింగులు, వేలానికి వచ్చాయి. క్రుకోవ్‌స్కీ, యాంగ్ వాటిని తామే కొనుక్కోవలసి వచ్చింది. ఆ కథ తెలిసి కూడా నేను జాగ్రత్తపడలేదు. మేము రికార్డు చేసిన ఒక స్టూడియోలో కంప్యూటరు పాడై మా నాలుగు పాటల విడి ట్రాకులు, అంటే ఒక్కో వాయిద్యానికీ గొంతుకూ విడిగా చేసిన రికార్డింగులు, పోయాయి. అన్నీ కలిపి మిక్స్ చేసిన కాపీ మాత్రమే మిగిలింది. ఇప్పుడు రికార్డింగు ముగిసిన రోజునే విడి ట్రాకులన్నీ రెండు హార్డ్ డిస్కులలోకి ఎక్కించుకొని, పాట పేరు, తేదీ, స్కేలు, వేగం కాగితం మీద రాసి అంటిస్తాము. ఒకటి మా ఇంట్లో ఉంటుంది, రెండోది కాలువకు అవతల డ్రమ్మరు ఇంటి అటక మీద, బియ్యం డబ్బాలో ఉంటుంది.