క్రానిక్ ఫెటీగ్ ఉన్నవాళ్లకు ఇంట్లో మర్దన: ఎంతసేపు, ఎంత ఒత్తిడి, ఎప్పుడు ఆపాలి

మర్దన పడిందో లేదో చేయించుకుంటుండగా తెలియదు. రెండు రోజులు ఆగితే గానీ తెలియదు. క్రానిక్ ఫెటీగ్ సిండ్రోమ్‌లో, అంటే నెలల తరబడి వదలని నీరసపు జబ్బులో, ఒళ్లు తన శక్తికి మించిన పనికి అప్పటికప్పుడు బదులివ్వదు. సాధారణంగా 12 నుంచి 48 గంటల తర్వాత మనిషి కూలబడిపోతాడు. ఒళ్లు నొప్పులు, తలనొప్పి, గొంతు మంట, మాట కోసం వెతుక్కోవలసి రావడం, వెలుతురు పడకపోవడం, ఎంత నిద్రపోయినా తేరుకోకపోవడం మొదలై రోజుల తరబడి, ఒక్కోసారి వారాల తరబడి ఉంటాయి. దీన్ని ఇక్కడ కుదేలు అందాం. నడక, స్నానం, పెళ్లికి వెళ్లి రావడం లాగే మర్దన కూడా కుదేలు తెప్పించగలదు. పడుకుని ఉన్నవాళ్లకు శ్రమేమిటని ఇంట్లోవాళ్లకు అనిపిస్తుంది. కానీ తాకిడిని, కదలికను, వేడిని, వాసనను, మాటలను తట్టుకోవడం కూడా ఈ ఒంటికి పనే.

కాబట్టి ఏమి ఆశించాలో ముందే తేల్చుకోండి. ఈ జబ్బును నయం చేసే మందు ఇంతవరకు లేదు, మర్దనతోనూ నయం కాదు. తేలికపాటి మర్దన కొందరికి కండరాల నొప్పి తగ్గిస్తుంది, నిద్ర కాస్త కుదురుతుంది, ఆందోళన సడలుతుంది. అంతకు మించి మాట ఇచ్చేవాళ్ల దగ్గరికి వెళ్లకండి. ఏ జబ్బుకు ఏ చికిత్స చేయాలో డాక్టర్లకు సూచించే బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, వ్యాయామాన్ని వారం వారం పెంచుకుంటూ పోయే పాత చికిత్సను వద్దని చెప్పి, ఉన్న శక్తిని లెక్కగా వాడుకోవడాన్ని ముందుకు తెచ్చింది. మర్దనకూ అదే లెక్క.

మొదలుపెట్టే ముందు

ఆరు నెలలు నీరసం ఉన్నంత మాత్రాన అది క్రానిక్ ఫెటీగ్ కాదు. ఈ మాట శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం లాంటి మన జిల్లాల్లో మరీ గట్టిగా చెప్పాలి. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు, కిడ్నీ జబ్బు చాలాకాలం వట్టి నీరసంగానే ఉండిపోవచ్చు. అక్కడివాళ్లు సీరం క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించుకోకుండా దేనికీ దిగకూడదు. సీతంపేట, పార్వతీపురం మన్యం వైపైతే సికిల్ సెల్ (పుట్టుకతో వచ్చే రక్తకణాల జబ్బు), మలేరియా పరీక్షలు కూడా కావాలి. ఎక్కడివాళ్లయినా హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్, బి12 చూపించుకోవాలి. దగ్గు, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ పరీక్ష కూడా.

ఒక కాలి పిక్క మాత్రమే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే చేయి వేయొద్దు. ఎక్కువకాలం మంచం పట్టినవాళ్లకు కాలి సిరలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఉంది. రుద్దితే ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరవచ్చు. అదే రోజు పెద్దాసుపత్రికి తీసుకెళ్లాలి. బోదకాలు ఉన్నవాళ్లకు జ్వరంతో కాలు ఎర్రబడినప్పుడు మర్దన మానాలి. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లు, ఎముకలు గుల్లబారినవాళ్లు డాక్టర్‌ని అడిగి చేయించుకోవాలి. జ్వరం ఉన్న రోజు ఎవరికీ వద్దు.

మనకు అలవాటైన మర్దన ఇక్కడ ఎందుకు పనికిరాదు

మన వైపు మర్దన అంటే గట్టిగా ఉండాలి. వీరఘట్టం మల్లుడు కోడి రామ్మూర్తి నాయుడి పేరు ఇప్పటికీ చెప్పుకునే ప్రాంతం ఇది. ఆ వస్తాదుల మర్దన కసరత్తు చేసి తేరుకోగల ఒంటి కోసం పుట్టింది. ఈ జబ్బులో తేరుకోవడమే దెబ్బతింది. మోచేత్తో నడుం నొక్కడం, పిల్లల చేత వీపు తొక్కించడం, వేళ్లు లాగి మెటికలు విరవడం పూర్తిగా మానాలి. ఈ జబ్బున్న వాళ్లలో కొందరికి కీళ్లు మరీ వదులుగా ఉంటాయి, లాగితే జారిపోతాయి. సెలూన్లో మెడ పక్కకు తిప్పి పుటుక్కుమనిపించడం ఆరోగ్యవంతులకు కూడా ప్రమాదమే. మెడ రక్తనాళం చిరిగి పక్షవాతం వచ్చే అవకాశం ఉంది.

రెండో తప్పు తలంటు. మర్దన, ఆ వెంటనే సున్నిపిండితో నలుగు, కాగు నిండా వేడినీళ్ల స్నానం: ఇది మనకు ఒకే పని, ఈ ఒంటికి మూడు పనులు. వేడినీళ్లకు రక్తనాళాలు వెడల్పై, లేచి నిలబడగానే కళ్లు తిరుగుతాయి. మర్దన చేసిన రోజు తలస్నానం పెట్టుకోకండి. నూనెను మెత్తని పాత గుడ్డతో తుడిస్తే చాలు. అందుకే ఆముదం వాడొద్దంటాం. జిడ్డు వదలదు, చివరికి సబ్బు స్నానానికే దారి తీస్తుంది. కొబ్బరినూనె గానీ పలచని నువ్వులనూనె గానీ మంచిది. ఘాటైన బామ్‌లు, కర్పూరం కలిపిన నూనెలు వాసనకే తలనొప్పి తెప్పిస్తాయి.

మూడోది అన్నిటికంటే చేటు. మర్దన మర్నాడు ఒళ్లు హూనమైతే "లోపలి విషాలు బయటికి పోతున్నాయి, ఇంకో నాలుగుసార్లు చేయిస్తే సర్దుకుంటుంది" అంటారు. మర్దనతో విషాలేవీ బయటికి పోవు. మోతాదు ఎక్కువైందని ఒళ్లు చెబుతున్న మాట అది. అప్పుడు కొనసాగిస్తే లేచి తిరిగే మనిషి మంచం పట్టవచ్చు. ఆ నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ కొని మింగడం ఇంకో ముప్పు, ఉద్దానం వాళ్లకు మరీనూ, ఆ మాత్రలు కిడ్నీకి పడవు.

మొదటిసారి: ఐదు నిమిషాలు, చేతులు మాత్రమే

చేతులతో ఎందుకంటే, బట్టలు తీయక్కర్లేదు, బోర్లా తిరగక్కర్లేదు. వాళ్లకు రోజులో ఏ వేళ కాస్త తేలిగ్గా ఉంటుందో ఆ వేళ చూసుకోండి. చాలామందికి తెల్లవారుజాము పడదు. భోజనం అయి గంటన్నర దాటాలి. మే నెల ఉక్కపోతలో, కరెంటు పోయే వేళల్లో పెట్టుకోకండి.

వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద దిండు పెట్టండి. కిటికీ తెర వేసి, టీవీ, ఫోన్ ఆపండి. మాటలు వద్దు. "ఎలా ఉంది, ఎలా ఉంది" అని అడగడం ప్రేమే గానీ, జవాబు చెప్పడం వాళ్లకు పని. ముందే గుర్తులు అనుకోండి: ఒక వేలు ఎత్తితే ఒత్తిడి తగ్గించాలి, అరచేయి ఎత్తితే ఆపాలి. ఆపాక కారణం అడగొద్దు.

అర చెంచా నూనె మీ అరచేతుల్లో రుద్దుకుని వెచ్చబరచండి, పొయ్యి మీద పెట్టక్కర్లేదు. ముందు వాళ్ల ముంజేతి మీద మీ అరచేయి అర నిమిషం కదలకుండా ఉంచండి. తర్వాత మణికట్టు నుంచి మోచేతి దాకా, ఒక్కోసారికి ఐదారు అంకెలు లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా పోనివ్వండి. చర్మం కదలాలి, కింద కండ నొక్కుకోకూడదు. సున్నా నుంచి పది దాకా ఒత్తిడిని లెక్కిస్తే రెండు, మూడు దగ్గర ఉండాలి. చేతికి రెండేసి నిమిషాలు, రెండు చేతులకూ కలిపి నాలుగు నిమిషాలు. మిగిలిన అర నిమిషం మళ్లీ చేయి ఉంచి, మెల్లగా తీసేయండి. హాయిగా ఉంది, ఇంకాసేపు అని వాళ్లే అడిగినా ఆపేయండి. ఎక్కువ కుదేళ్లు ఈ "ఇంకాసేపు" దగ్గరే పుడతాయి.

వెంటనే లేపకండి. అరగంట పడుకోనివ్వండి. తర్వాత దిండు ఆనించి కూర్చోబెట్టి, కాళ్లు కిందకు దించి రెండు మూడు నిమిషాలు ఆగి, పట్టుకుని నిలబెట్టండి. నిలబడ్డ పది నిమిషాల్లో నాడి నిమిషానికి 30కి మించి పెరిగే వాళ్లు ఈ జబ్బులో చాలామంది ఉంటారు, వాళ్లు ఇక్కడే పడిపోతారు. ఉప్పు వేసిన మజ్జిగ కొందరికి ఆసరా, అయితే బీపీ, కిడ్నీ సమస్య ఉంటే డాక్టర్ చెప్పకుండా ఇవ్వొద్దు. ఆ రోజు చుట్టాలు రాకుండా, ఇంకో పని లేకుండా చూడండి.

నోటుబుక్, పెంచే పద్ధతి

ఒక పేజీలో తేదీ, ఎక్కడ చేశారు, ఎన్ని నిమిషాలు, ఎంత ఒత్తిడి. కింద మూడు వరుసలు: మర్నాడు, రెండో రోజు, మూడో రోజు. ఒక్కోదానిలో నొప్పికి పదికి ఎంత, నిద్ర ఎలా పట్టింది, ఎంతసేపు కూర్చోగలిగారు. అది ఇంట్లోవాళ్లే రాయాలి.

వారానికి ఒకసారి చాలు. వరసగా మూడుసార్లు మూడో రోజు దాకా ఒంట్లో ఏ ఇబ్బందీ పెరగకపోతే అప్పుడు ఒక్కటి మార్చండి. నిమిషాలు రెండో మూడో పెంచండి, లేదా పాదాలు కలపండి, రెండూ ఒకేసారి వద్దు. రెండూ మార్చి కుదేలైతే దేనివల్లో తెలియదు. పాదాల తర్వాత పిక్కలు, ఆ తర్వాత పక్కకు తిరిగి పడుకుని వీపు పైభాగం. మెడ ముందువైపు, పక్కల జోలికి వెళ్లకండి. చాలామందికి పదిహేను, ఇరవై నిమిషాల దగ్గర హద్దు వస్తుంది, దాన్ని దాటించాలని చూడకండి.

కుదేలైతే మామూలు స్థితికి వచ్చేదాకా ఆపి, మళ్లీ సగం నిమిషాలతో మొదలుపెట్టండి. రెండోసారీ అలాగే అయితే వాళ్లకు మర్దన పడదన్నట్టే.

దుప్పటి తగిలినా నొప్పి పుట్టే, చీకటి గదిలోనే ఉండవలసిన వాళ్లకు మర్దన వద్దు. వాళ్లు కోరితే చేయి పట్టుకుని ఒక నిమిషం కదలకుండా కూర్చోండి.

బయటి మనిషిని పెట్టుకుంటే ఇంటికే రప్పించండి. ఆటోలో పట్నం వెళ్లి రావడానికయ్యే శక్తి మర్దన ఇచ్చేదానికంటే ఎక్కువ. ఆవిరి పెట్టెలు, విరేచనాలతో కూడిన పంచకర్మ ప్యాకేజీలకు ఒప్పుకోకండి, వేడీ, ఒంట్లోని నీళ్లు పోవడమూ ఈ జబ్బుకు రెండూ చేటే. వచ్చిన మనిషికి మొదటే నోటుబుక్ చూపించి, నిమిషాలు, ఒత్తిడి చెప్పి, ఫోన్లో అలారం పెట్టి ఆ ఫోన్‌ను గది బయట ఉంచండి. గంట డబ్బులు తీసుకున్నాను గనక గంటా చేస్తానంటే, డబ్బు పూర్తిగా ఇచ్చి పది నిమిషాలకే పంపించేయండి.