డ్రిప్ సబ్సిడీ: సంతకానికి ముందే చూసుకోవాల్సినవి

డ్రిప్, స్ప్రింక్లర్ల సబ్సిడీ డబ్బు రైతు ఖాతాలో పడదు. మన వాటా మనం కడతాం, మిగతాది ప్రభుత్వం నేరుగా కంపెనీకి చెల్లిస్తుంది. పని పూర్తయిందని మనం పెట్టే సంతకంతోనే ఆ బిల్లు కదులుతుంది. అది పెట్టాక మెకానిక్‌ని పొలానికి రప్పించడం అంత తేలిక కాదు.

రిజిస్ట్రేషన్ రైతు సేవా కేంద్రంలో చేస్తారు. ఆధార్, భూమి పాస్‌బుక్, 1బీ (భూమి హక్కు రికార్డు), అడంగల్ (సాగు రికార్డు), బ్యాంకు పాస్‌బుక్, ఆధార్‌కు లింకైన ఫోను పట్టుకెళ్లండి. బోరో బావో, దానికి మోటారూ ఉండాలి. దరఖాస్తు ఎక్కువగా ఆగేది పొలం రికార్డు దగ్గరే. భూమి ఇంకా తండ్రి పేరునే ఉంటే ముందు మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు) చేయించండి. రీసర్వే అయిన ఊళ్లలో పాత సర్వే నంబరు చెల్లదు, ఎల్‌పీఎం నంబరు (రీసర్వేలో ఆ భూమికి ఇచ్చిన కొత్త నంబరు) ఇవ్వాలి. రాజాం, వంగర, సంతకవిటి, రేగిడి ఆమదాలవలస వాళ్ల పాత కాగితాల మీద శ్రీకాకుళం అనే ఉంటుంది. 2022 నుంచి మీది విజయనగరం జిల్లా, ఆన్‌లైన్‌లో అదే ఎంచుకోవాలి.

కేంద్ర పథకం లెక్కలో 5 ఎకరాల లోపు రైతుకు 55 శాతం, మిగతావారికి 45 శాతం. ఆపైన రాష్ట్రం ఎంత కలుపుతుందో ఆ ఏడాది జీవో చూసుకోండి. ఈ శాతం కంపెనీ బిల్లు మీద కాదు, ప్రభుత్వం ఖరారు చేసిన యూనిట్ ధర మీద. అదనంగా ఏది వేయించుకున్నా ఆ ఖర్చు మనదే. ఒక రైతుకు 5 హెక్టార్ల వరకే. ఒకసారి తీసుకున్న పొలానికి మళ్లీ కావాలంటే 7 ఏళ్లు ఆగాలి.

డిజైన్ గీసేటప్పుడు పక్కన నిలబడండి, ముఖ్యంగా ఫిల్టరు విషయంలో. మామూలు బోరు నీటికి స్క్రీన్ ఫిల్టరో డిస్క్ ఫిల్టరో చాలు. బోరు ఇసుక పోస్తుంటే ఫిల్టరుకు ముందు హైడ్రోసైక్లోన్ (నీటిని సుడి తిప్పి ఇసుకను వేరుచేసే పరికరం) ఉండాలి. బావి, చెరువు, గెడ్డ నీళ్లయితే నాచు వస్తుంది కాబట్టి శాండ్ ఫిల్టరు తప్పదు. ఖర్చు తగ్గుతుందని దాన్ని ఎగ్గొడితే డ్రిప్పర్లు (నీటి చుక్కలు వదిలే రంధ్రాలు) పూడుకుపోతాయి, తర్వాత లేటరల్ పైపే (మొక్కల వరుస వెంట పరిచే సన్న పైపు) మార్చాలి. సముద్రం ఒడ్డు ఇసుక నేలల్లో నీరు పక్కకు పాకకుండా నిలువునా దిగిపోతుంది, అక్కడ డ్రిప్పర్ల మధ్య 40 సెంటీమీటర్లు దాటనివ్వకండి. బరువు నేలలకు 60 అయినా పరవాలేదు.

సామాను దిగగానే ముద్రలు చదవండి: లేటరల్‌కు ఐఎస్ 12786, ఇన్‌లైన్ పైపుకు (డ్రిప్పర్లు లోపలే అమర్చి వచ్చేది) ఐఎస్ 13488, పీవీసీకి ఐఎస్ 4985. పీవీసీ మెయిన్ లైను కనీసం అడుగున్నర లోతున పూడ్చాలి. పైన వదిలేస్తే ఎండకు పెళుసెక్కి నాగలి తగలగానే పగులుతుంది.

ఇక అసలు పరీక్ష. మోటారు వేసి, లైన్ల చివరి మూతలు తీసి, మురికి పోయి తేటనీరు వచ్చేదాకా వదలండి. మూతలు పెట్టేశాక మొదటి లైను మొదటి డ్రిప్పరు కింద ఒక డబ్బా, ఆఖరి లైను ఆఖరి డ్రిప్పరు కింద ఇంకో డబ్బా పెట్టండి. గంటకు 4 లీటర్ల డ్రిప్పరైతే 15 నిమిషాల్లో లీటరు పడాలి. చివరి డబ్బాలో 900 మిల్లీలీటర్లకు తగ్గితే ఎక్కడో కారుతోంది, లేదా పైపు సైజు చాలలేదు, లేదా ఒక్క వాల్వు మీద ఎక్కువ లైన్లు కట్టారు. దాన్ని సరిచేయించాకే సంతకం. జాయింట్ తనిఖీకి అధికారి వచ్చినప్పుడూ ఈ డబ్బాలే చూపించండి. ఫొటోలో పైపు కనిపిస్తుంది గానీ పారుదల కనిపించదు.

ఫిల్టరుకు ముందు, తర్వాత ఉన్న ప్రెషర్ గేజీల మధ్య తేడా అర కేజీ (చదరపు సెంటీమీటరుకు) దాటితే ఆ రోజే ఫిల్టరు కడగాలి. గేజీలు బిగించకుండా వెళ్లిపోతుంటారు, అడిగి పెట్టించుకోండి.