కొత్త లైసెన్సుతో మోటారుసైకిల్ – మూడవ పాఠం: ముందు బ్రేకును నమ్మడం

నడకవేగంలో బండిని నిలకడగా నడపడం, క్లచ్ పట్టే చోటును చేతికి అలవాటు చేసుకోవడం, మలుపులో ముందు చక్రాన్ని చూడకుండా వెళ్ళవలసిన చోటును చూడడం గత రెండు పాఠాల్లో నేర్చుకున్నాం. ఆ అభ్యాసాలు ఇంకా పూర్తికానివారు ఈ పాఠాన్ని చదువుకోవచ్చు గానీ, బండి మీద ప్రయత్నించడానికి తొందరపడవద్దు. ఈసారి విషయం ఒక్కటే: బండిని ఆపడం. లైసెన్సు చేతికి వచ్చేనాటికి బండిని కదిలించడం, గేర్లు మార్చడం, సిగ్నల్ దగ్గర మెల్లగా నిలపడం అందరికీ వచ్చి ఉంటాయి. వేగంగా పోతున్న బండిని వీలైనంత తక్కువ దూరంలో నిలిపి చూసిన అనుభవం మాత్రం చాలామందికి ఉండదు.

కొత్తగా నడిపేవారి బెరుకుకు కారణం వెతుక్కుంటూ పోతే ఎక్కువసార్లు ఇక్కడికే చేరుకుంటాం. ముందున్న వాహనం ఉన్నట్టుండి ఆగితే తన బండి ఎక్కడ ఆగుతుందో తెలియని మనిషికి రద్దీని చూస్తే గుండె దడ పుట్టడంలో వింత ఏమీ లేదు. ఆ భయం సరైనదే కాబట్టి పక్కవారు ధైర్యం చెప్పినంత మాత్రాన అది పోదు. తన చేతికింద ఉన్న బ్రేకు ఎంత పని చేయగలదో కొలిచి తెలుసుకున్న తరువాత అది దానంతటదే తగ్గుతుంది. కిలోమీటర్లు పోగుచేసుకుంటూ పోతే చాలు, అలవాటైపోతుందన్న సలహాను నేను పూర్తిగా ఒప్పుకోను. తప్పుడు పద్ధతిలో తిరిగిన కిలోమీటర్లు ఆ తప్పునే గట్టిపరుస్తాయి.

ముందు బ్రేకు మీద ఉన్న అపవాదు

ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీకొడతావన్న హెచ్చరికను వినకుండా బండి నేర్చుకున్నవారు అరుదు. చెప్పినవారి ఉద్దేశం మంచిదే అయినా దాని ఫలితం మంచిది కాదు, ఎందుకంటే ఆ మాట విన్నవారు ముందు బ్రేకు లివర్‌ను అలంకారంగా వదిలేసి, జీవితమంతా కుడికాలితోనే బండి ఆపడానికి అలవాటు పడతారు. హెచ్చరికలో కొంత నిజం లేకపోలేదు. మలుపులో బండి వాలి ఉన్నప్పుడో, ఇసుక మీదో, గులకరాళ్ళ మీదో, లేదా లివర్‌ను ఒక్కసారిగా గుంజినప్పుడో ముందు చక్రం జారి మనిషి పడిపోయే మాట వాస్తవం. అయితే ఆ తప్పు పట్టిన తీరుది, పట్టిన చోటుది.

బండి వేగం తగ్గుతున్నప్పుడు బండి బరువు, నడిపేవారి బరువు కలిసి ముందు చక్రం మీదికి మళ్ళుతాయి. నిలిచి ఉన్నప్పుడు రెండు చక్రాల మీద దాదాపు సమానంగా ఉన్న భారం, గట్టిగా బ్రేకు వేసినప్పుడు ముప్పాతిక వంతు వరకు ముందు చక్రానికే చేరుతుంది. టైరు మీద భారం పెరిగేకొద్దీ రోడ్డు మీద దాని పట్టు కూడా పెరుగుతుంది కాబట్టి, సరిగ్గా మనకు అవసరమైన క్షణంలో ముందు టైరు బలపడుతుంది, వెనక టైరు తేలికవుతుంది. తేలికైన ఆ వెనక చక్రాన్ని బ్రేకుతో ఎంత గట్టిగా తొక్కిపెట్టినా అది తిరగడం మానేసి జారుతుందే తప్ప బండిని అంతకుమించి ఆపలేదు. చాలా బండ్లలో ముందు డిస్కు పెద్దదిగా, వెనక డిస్కో డ్రమ్మో చిన్నదిగా ఉండటానికి కారణం ఇదే.

ఇక లివర్‌ను గుంజితే ఏమవుతుందో చూద్దాం. భారం ముందుకు మళ్ళడానికి, ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టి ఉంచే స్ప్రింగు గొట్టాల జత) కిందికి కుంగడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. ఆ భారం వచ్చి చేరకముందే పూర్తి బలంతో బ్రేకు పడితే, ఇంకా తేలికగానే ఉన్న ముందు చక్రం లాక్ అయిపోతుంది. తిరగని ముందు చక్రంతో బండి ఎక్కువసేపు నిలబడలేదు. అదే బలాన్ని తడిబట్ట పిండినట్టు మొదట మెత్తగా మొదలుపెట్టి బిగిస్తూ పోతే, భారం ముందు చేరుతుంది, బ్రేకు బలం దాని వెనకే పెరుగుతుంది. ఈ మొత్తం బిగింపుకు ఒక సెకను కన్నా తక్కువే పడుతుంది. నెమ్మదిగా అంటే సాగదీయడమని అర్థం చేసుకోవద్దు.

మీటర్ల లెక్క

గంటకు 36 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 10 మీటర్లు. గంటకు 72 కిలోమీటర్లంటే సెకనుకు 20 మీటర్లు. పొడి రోడ్డు మీద, రెండు బ్రేకులూ సరిగా వాడితే సెకను సెకనుకూ 5 మీటర్ల చొప్పున వేగాన్ని తగ్గించడం కొత్తవారికి కూడా అభ్యాసంతో సాధ్యపడుతుంది. ఆ లెక్కన 36లో పోతున్న బండికి బ్రేకు దూరం 10 మీటర్లు, 72లో పోతున్న బండికి 40 మీటర్లు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. దీనికి కన్ను చూసి, మెదడు గుర్తించి, చేయి లివర్‌ను అందుకునేలోపు గడిచే సమయాన్ని కూడా కలపాలి. ఆ సమయాన్ని ఒక సెకను అనుకుంటే మొదటి బండి మొత్తం 20 మీటర్లలో, రెండవది 60 మీటర్లలో ఆగుతాయి. ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది: మొదటి బండి పూర్తిగా నిలిచిపోయిన చోటుకు రెండవ బండి వచ్చేసరికి దాని బ్రేకు అప్పుడే మొదలవుతుంది. అంటే 20 మీటర్ల దూరంలో అడ్డంకి కనిపిస్తే ఒకరు దాని ముందు ఆగుతారు, మరొకరు గంటకు 72 కిలోమీటర్ల వేగంతోనే దాన్ని ఢీకొంటారు.

వెనక బ్రేకును మాత్రమే నమ్ముకున్నవారి పరిస్థితి కూడా లెక్కవేయండి. పొడి రోడ్డు మీద వెనక చక్రం ఒక్కటే సెకను సెకనుకూ 3 మీటర్లకు అటూ ఇటూగా మాత్రమే వేగాన్ని తగ్గించగలదు. 36 కిలోమీటర్ల వేగంలో రెండు బ్రేకులతో 10 మీటర్లు పట్టే చోట వీరికి సుమారు 17 మీటర్లు పడుతుంది.

దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన హ్యారీ హర్ట్ బృందం లాస్ ఏంజిల్స్ పరిసరాల్లో జరిగిన 900 మోటారుసైకిల్ ప్రమాదాలను ఘటనాస్థలాలకు వెళ్ళి పరిశీలించి 1981లో నివేదిక ప్రచురించింది. ప్రమాదాన్ని గుర్తించి తప్పించుకోవడానికి నడిపేవారికి సాధారణంగా రెండు సెకన్ల కన్నా తక్కువ వ్యవధే దొరికిందని, చాలామంది ఆ కాస్త వ్యవధిలో వెనక చక్రాన్ని అతిగా బ్రేకు వేసి జార్చి, ముందు బ్రేకును చాలినంత వాడలేదని అందులో తేలింది. ఆ తరువాత బండ్లు చాలా మారాయి. మనుషుల కాళ్ళూ చేతులూ మాత్రం ఆపదలో అలవాటైన దాన్నే చేస్తాయి. రెండు సెకన్లలో కొత్త విద్య పుట్టదు కనుక ముందు బ్రేకు వాడకం మామూలు రోజుల్లోనే చేతికి పట్టుబడాలి.

అభ్యాసం

వాహనాలు తిరగని, చదునైన, పొడిగా ఉన్న తారు లేదా కాంక్రీటు స్థలం కావాలి. దాన్ని ముందుగా నడిచి చూసి ఇసుక, నూనె మరకలు, ఎండుటాకులు ఉంటే ఊడ్చేయండి, లేదా వేరే చోటు చూసుకోండి. హెల్మెట్, చేతితొడుగులు, మడమ కప్పే బూట్లు, మందపాటి పొడవు చేతుల కోటు వేసుకోండి. టైర్లలో గాలి బండి తయారీదారు చెప్పినంత ఉందో లేదో చల్లగా ఉన్నప్పుడే చూసుకోవాలి. టైర్లుగానీ బ్రేకు ప్యాడ్లుగానీ ఈమధ్యే కొత్తవి వేయించి ఉంటే, కొంతదూరం మామూలుగా తిరిగాకనే ఈ అభ్యాసం మొదలుపెట్టాలి, ఎందుకంటే మొదట్లో రెండింటికీ పూర్తి పట్టు ఉండదు. తోడుగా ఒక మనిషి ఉంటే మంచిది.

ఇంజను ఆపిన బండి పక్కన నిలబడి, దాన్ని ముందుకు నెడుతూ ముందు బ్రేకు బిగించండి. ఫోర్కు కుంగడం కళ్ళతో చూడండి, లివర్ ఎంత లోపలికి వచ్చాక బ్రేకు పట్టడం మొదలవుతుందో వేళ్ళతో తెలుసుకోండి. చిన్నపిల్లల ఆటలా కనిపించే ఈ పనిని చాలామంది వదిలేస్తారు. లివర్‌లో ఖాళీ కదలిక ఎంతో తెలియని చెయ్యే తరువాత ఉలిక్కిపడి గుంజుతుంది.

తరువాత గంటకు 20 కిలోమీటర్ల వేగంలో, నిటారుగా, తిన్నగా పోతూ ముందు బ్రేకు ఒక్కటే వాడి ఆగండి. మనసులో ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టుకుంటూ ప్రతి అంకెకూ కొంచెం బిగించండి. బండి నిలవబోయే చివరి క్షణంలో బిగువును కాస్త సడలిస్తే ముక్కు కుంగి లేచే ఆ కుదుపు ఉండదు. ఇది సాఫీగా రావడం మొదలయ్యాక వెనక బ్రేకును తేలికగా జతచేయండి. ముందు బ్రేకు బిగిసేకొద్దీ వెనక చక్రం తేలికవుతుందని చెప్పుకున్నాం కాబట్టి, చేయి బిగిసేకొద్దీ కాలు సడలాలి. ఒకటి పెరుగుతుంటే మరొకటి తగ్గించడమన్నది మొదట్లో తికమక పెడుతుంది. నిజానికి ఈ పాఠంలో కష్టమైన భాగం ఇదొక్కటే, దీనికి ఎన్ని రోజులు పట్టినా పట్టనివ్వండి.

ఇక కొలత. నేల మీద సుద్దతో ఒక గీత గీసి, దాన్ని ముందు చక్రం దాటగానే బ్రేకు మొదలుపెట్టండి. ఆగిన చోటు నుంచి గీత దాకా అడుగులతో కొలిచి రాసుకోండి. చాలా స్పీడోమీటర్లు అసలు వేగం కన్నా కొంచెం ఎక్కువే చూపిస్తాయి కాబట్టి మీ అంకెలను పై లెక్కలతో కాక మీ కిందటి కొలతలతోనే పోల్చుకోండి. 20లో వరుసగా ఒకే చోట ఆగగలిగినప్పుడు 30కి, ఆ తరువాత 40కి వెళ్ళండి. అన్నిటికన్నా తక్కువ దూరంలో ఆగిన ప్రయత్నాన్ని చూసి మురిసిపోవద్దు. పది అడుగుల్లో ఒకసారి, పద్దెనిమిదిలో మరొకసారి ఆగే చేతికన్నా ఎప్పుడూ పన్నెండులో ఆగే చెయ్యే మేలు. అలసట వచ్చి వేళ్ళు బిగుసుకుపోయినట్టు అనిపిస్తే ఆ రోజుకు చాలించండి.

ఈ అభ్యాసంలో తప్పులు దాదాపు అందరివీ ఒకేలా ఉంటాయి. కంగారులో వేళ్ళు లివర్‌ను అందుకుంటున్నా అరచేయి యాక్సిలరేటర్‌ను పూర్తిగా వదలకపోవడం మొదటిది. మణికట్టు కిందికి దిగి ఉన్న పట్టులో ఇది ఎక్కువగా జరుగుతుంది కనుక పట్టునే సరిచేసుకోవాలి. ముందు చక్రాన్నో గీతనో చూడడం మరొకటి. చూపు దూరంగా ఉన్న వస్తువు మీద నిలిస్తే బండి తిన్నగా ఉంటుంది. మోచేతులు బిగదీసి బరువంతా హ్యాండిల్ మీద వేసేవారు మోకాళ్ళతో ట్యాంకును గట్టిగా పట్టుకుంటే ఆ బరువు చేతుల మీద పడదు. చివరలో క్లచ్ పట్టుకోవడం, ఆగేసరికి మొదటి గేరుకు దిగి ఉండటం కూడా అలవాటు చేసుకోండి. ఆగిన తరువాత వెనకనుంచి వచ్చే వాహనాన్ని తప్పించుకుని కదలవలసి రావచ్చు.

ముందు చక్రం కీచుమని జారడం మొదలైతే ఆ క్షణమే లివర్ వదిలి, మళ్ళీ మెత్తగా బిగించాలి. వెనక చక్రం తిన్నగా జారుతుంటే పెడల్‌ను సడలించవచ్చు. బండి వెనకభాగం ఇప్పటికే బాగా పక్కకు వెళ్ళిపోయి ఉంటే మాత్రం పెడల్‌ను ఒక్కసారిగా వదలకూడదు. అలా వదిలితే చక్రానికి హఠాత్తుగా పట్టు దొరికి, బండి ఎదురువైపుకు విసురుగా లేచి మనిషిని ఎగరేస్తుంది.

ఏబీఎస్ (యాంటీ-లాక్ బ్రేకింగ్ సిస్టమ్) ఉన్న బండిలో చక్రం లాక్ కాబోతుండగా ఆ వ్యవస్థ బ్రేకు ఒత్తిడిని సెకనుకు అనేకసార్లు తగ్గించి పెంచుతుంది. అప్పుడు లివర్ వేళ్ళ కింద కొట్టుకుంటున్నట్టు ఉంటుంది. మొదటిసారి ఆ కదలిక తెలిసినప్పుడు భయపడి వదిలేసేవారున్నారు. వదలకుండా గట్టిగా పట్టి ఉంచాలి. ఏబీఎస్ ఉంది కదా అని బిగించే పద్ధతి నేర్చుకోకపోవడం పొరపాటు. బాగా వాలి ఉన్న బండిని మామూలు ఏబీఎస్ పూర్తిగా కాపాడలేదు, పైగా రేపు మీరు ఏబీఎస్ లేని బండి నడపవలసి రావచ్చు.

రోడ్డు మీదికి

మైదానంలో పట్టుబడిన చేతిని రోజువారీ ప్రయాణంలో కదలకుండా ఉంచడానికి ప్రత్యేకమైన సమయం అక్కరలేదు. ప్రతి సిగ్నల్ దగ్గరా, ప్రతి స్పీడ్ బ్రేకర్ ముందూ ముందు బ్రేకుతోనే, అదే క్రమంలో బిగిస్తూ ఆగండి. కూడళ్ళు, ఆగి ఉన్న వాహనాల వరుసలు, పిల్లలు ఆడుకునే వీధులు వచ్చినప్పుడు రెండు వేళ్ళు లివర్ మీద ఆనించి ఉంచితే చేయి అందుకోవడానికి పట్టే సమయం మిగులుతుంది. 36 కిలోమీటర్ల వేగంలో పావు సెకను మిగలడమంటే రెండున్నర మీటర్లు మిగలడమే.

ముందున్న వాహనం ఒక స్తంభాన్ని దాటాక మీరు అదే స్తంభాన్ని చేరడానికి కనీసం రెండు సెకన్లు పట్టాలన్నది చాలాచోట్ల నేర్పే నియమం. కొత్తవారు మూడు ఉంచుకోవాలని నా సలహా. ఆ ఖాళీలోకి ఎవరో ఒకరు దూరుతారు, దూరనివ్వండి, మళ్ళీ మూడు సెకన్లు వెనక్కు తగ్గండి. వర్షంలో, ముఖ్యంగా చినుకులు మొదలై రోడ్డు మీది నూనె, దుమ్ము కలిసి జారుడుగా మారిన తొలి నిమిషాల్లో, ఈ ఖాళీని ఇంకా పెంచి, బిగింపును ఇంకా మెత్తగా మొదలుపెట్టాలి. రోడ్డు మీద వేసిన రంగు గీతలు, మ్యాన్‌హోల్ మూతలు తడిసినప్పుడు వాటి మీద బ్రేకు వేయకుండా వాటికి ముందే వేగం తగ్గించుకోండి. వెనక మనిషిని కూర్చోబెట్టుకుని నడపడాన్ని ఈ పాఠం పూర్తయ్యేవరకు వాయిదా వేయడం మంచిది, ఎందుకంటే ఆ బరువుతో ఆగే దూరమూ, బండి కుంగే తీరూ మారిపోయి మీ కొలతలన్నీ మళ్ళీ మొదటికి వస్తాయి.

నాలుగవ పాఠం మలుపుల గురించి. అందులో వెళ్ళవలసిన వైపున ఉన్న హ్యాండిల్ పిడిని ముందుకు నెట్టి బండిని వాల్చడం, మలుపుకు ముందే వేగం తగ్గించుకోవడం వస్తాయి. 40 కిలోమీటర్ల వేగంలో, రెండు బ్రేకులతో, చక్రం జారకుండా, వేర్వేరు రోజుల్లో ప్రయత్నించినా ఒకటి రెండు అడుగుల తేడాలో ఆగగలిగినవారు ఆ పాఠానికి రావచ్చు. మిగిలినవారు సుద్ద గీత దగ్గరే ఇంకో వారం ఉండండి.